అమెరికా స్వెట్టరుకు వాడరేవులో పని

అర్ధరాత్రి దాటి రెండున్నర. వాడరేవులో ఆ వేళకి రెండే చప్పుళ్ళు. ఒకటి సముద్రానిది, రెండోది మా చెల్లెలి కూతురిది. సముద్రం ఎందుకు ఘోషపెడుతుందో తెలీదుగానీ, పిల్ల ఎందుకు ఏడుస్తుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. పక్క తడిసింది!

లైటు వెలిగింది. చెల్లి లేచింది. దాని వెనకే అమ్మ లేచింది. తడిసిన పొత్తిగుడ్డ తీసి, కింద బొంత మార్చి, రబ్బరు షీటు తుడిచి, పిల్లకి పొడిగుడ్డ కట్టి, పాలిచ్చి పడుకోబెట్టేసరికి మూడున్నర. వేటకి వెళ్ళే పడవల ఇంజన్లు మొదలయ్యే వేళకి మళ్ళీ అదే కథ.

"డైపరు వేస్తే తెల్లారేదాకా కదలదు కదమ్మా..." అంటుంది చెల్లి, కళ్ళు మూతలు పడుతుండగా.

"ఆ మూటలో పెట్టి కట్టేస్తే పిల్ల ఒళ్ళేం గానూ? మొన్న తొడలు ఎట్టా కందినయ్యో చూళ్ళా?" అని గోడవారగా ఉన్న మంచం మీంచి అమ్మమ్మ. ఆవిడకి ఎనభై దాటాయి. రాత్రిళ్ళు నిద్రపట్టదు. తీర్పు చెప్పకుండా ఉండనూలేదు.

నిరుడు డిసెంబరులో నేను సెలవు పెట్టి వెళ్ళిన వారం రోజులూ ఇదే పంచాయితీ. పసిబిడ్డ ఉన్న ఇళ్ళలో ఏదో ఒక రాత్రి ఇది జరిగే ఉంటుంది. "ఇద్దరిలో ఎవరిది రైటే?" అని అమ్మ నన్నడిగింది. పేపర్లో పనిచేస్తాను కాబట్టి నాకు అన్నీ తెలుస్తాయని ఆవిడ నమ్మకం. తమాషా ఏంటంటే, ఇద్దరిదీ రైటే.

డైపరు లోపల ఉండేది సోడియం పాలీఅక్రిలేట్ అనే పదార్థం. తన బరువుకు ఎన్నో రెట్ల తడిని పీల్చుకుని జిగురుముద్దలా మారుతుంది. అందుకే పైకి పొడిగా అనిపిస్తుంది. ఎప్పటికప్పుడు మారిస్తే దాంతో భయమేమీ లేదు. మార్చం కాబట్టే చిక్కు. 'ఇంకా బరువెక్కలేదులే' అనుకుంటూ ఉంచేస్తాం. తడి, వేడి, ఒరిపిడి కలిస్తే లేత చర్మం నానిపోతుంది. దానికి మలం తోడైతే అందులోని ఎంజైములు చర్మాన్ని దెబ్బతీస్తాయి. మూత్రం కలిస్తే వాటి జోరు ఇంకా పెరుగుతుంది. ఎర్రగా కందడం, ఒరిసిపోవడం అందుకే. అలాగని గుడ్డ కడితే ఇవేవీ రావని కాదు. తడిగుడ్డను అలాగే వదిలేస్తే అదీ అంతే. తేడా ఎక్కడంటే, గుడ్డ తడిస్తే పిల్ల ఊరుకోదు. ఏడ్చి అందర్నీ లేపుతుంది. డైపరు తడిసినట్టు పిల్లకే సరిగ్గా తెలీదు.

ఇక చెల్లి వైపు చూడండి. 2017లో చట్టం మార్చాక ప్రసూతి సెలవు 26 వారాలైంది. దానికి అప్పటికి పదో వారం నడుస్తోంది. రాత్రికి మూడు ముక్కలుగా నాలుగు గంటల నిద్ర. డైపరు ఒక్కోటి పది రూపాయలు వేసుకున్నా రోజుకి అయిదు వాడితే యాభై, నెలకి పదిహేను వందలు. పోనీ గుడ్డలు కడదామంటే రోజుకి పన్నెండు నుంచి పదిహేను. బొంతలు వేరే లెక్క. "మేం పెంచలా?" అంటుంది అమ్మమ్మ.

పెంచారు, నిజమే. కానీ ఒక సంగతి ఆవిడ చెప్పదు, మనమూ అడగం. ఆ పురిటి గుడ్డలు ఉతికిందెవరు? చాకలి ఇంటావిడ పొద్దున్నే వచ్చి మూట కట్టుకుపోయేది. మైల బట్టలని ఇంట్లోవాళ్ళు ఎడంగా ఉండేవాళ్ళు. కళ్ళంలో ఇన్ని గింజలు, పండక్కి ఒక పాత చీర. ఆమెకి దక్కింది అంతే. పాత పొత్తిగుడ్డల గొప్పతనం గురించి రాసేవాళ్ళం, నాతో సహా, ఆ చేతుల మాట మాత్రం ఎత్తం. ఇప్పుడు ఆ మూట మోసేవాళ్ళు లేరు. ఉండాలని కోరుకోకూడదు కూడా. మరి ఆ బరువు ఎటు పోయింది? సగం బాలింత మీద, సగం ఆమెను కన్న తల్లి మీద పడింది. మా అమ్మకి అరవై రెండు. వాషింగ్ మిషను ఉంది, కాదనను. కానీ మిషను ఉతుకుతుందేగానీ, అర్ధరాత్రి లేచి బొంత మార్చదు కదా.

ఈ గొడవలో మా పిన్ని దిగింది. అక్షరాలా దిగింది, చీరాల స్టేషన్లో, రెండు పెద్ద సూట్‌కేసులతో. ఆర్నెల్లు అమెరికాలో, మిచిగన్‌లో ఉన్న కూతురి పురుడు చూసి వచ్చింది. సూట్‌కేసులోంచి చాక్లెట్లు, బాదంపప్పు, వంటింటి కత్తెర బయటికొచ్చాక అడుగున రెండు చిన్న జాంగియాలు కనిపించాయి. దుప్పటంత మందం. ఒకటి బూడిదరంగు, ఒకటి ఎరుపు. నడుముకి స్వెట్టరు అంచు, కాళ్ళకి స్వెట్టరు చేతుల పట్టీలు.

"ఇదేందే, ఎలుగుబంటి డ్రాయరు మాదిరి?" అంది అమ్మమ్మ.

అది ఉన్ని తొడుగట. అక్కడ పాత సామాన్ల దుకాణంలో రెండు మూడు డాలర్లకి దొరికిన స్వెట్టర్లు తెచ్చి పిన్ని కూతురే కత్తిరించి కుట్టిందట. లోపల మామూలు పొత్తిగుడ్డ మడిచిపెట్టి పైన ఇది తొడిగితే పక్క తడవదంది పిన్ని. ప్లాస్టిక్ లేదు, రబ్బరు లేదు.

ఊరుకున్నాం మర్యాదకి. వాడరేవులో, సముద్రపు ఒడ్డున, చంటిపిల్లకి ఉన్ని డ్రాయరా! మే నెలలో ఇక్కడ మనుషులు పంచె కట్టుకోవడానికే ఆలోచిస్తారు.

అయినా నా బుద్ధి ఊరుకోదుగా. ఆ రాత్రి బేసిన్ మీద బూడిదరంగు దాన్ని పరిచి మధ్యలో అరగ్లాసు నీళ్ళు పోశాను. తామరాకు మీద నీటిబొట్టు చూశారా? అలా నిలబడ్డాయి నీళ్ళు. కాసేపటికి మెల్లగా లోపలికి దిగాయిగానీ అడుగున చెయ్యి పెడితే చెమ్మ మాత్రమే తగిలింది. 'ఇందులో ఏదో ఉంది' అనుకున్నాను.

ఉన్నదేంటంటే గొర్రె కొవ్వు. గొర్రె చర్మంలోంచి ఊరి వెంట్రుకలకి అంటుకునే మైనంలాంటి పదార్థాన్ని లానోలిన్ అంటారు. వానలో తడిసినా గొర్రె ఒంటికి నీళ్ళు దిగకుండా కాపాడేది అదే. బాలింతలకి చనుమొనలు పగిలితే డాక్టర్లు రాసే క్రీముల్లోనూ ఉంటుంది. ఉన్నిపోగు తీరే వేరు. పైన చేప పొలుసుల్లాంటి పొర నీటిబొట్టును ఆపుతుంది. లోపలి భాగం మాత్రం ఆవిరిని పీలుస్తుంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పట్టినా ఉన్ని చేతికి తడిగా అనిపించదు. పట్టిన తేమను మెల్లగా బయటి గాలిలోకి వదిలేస్తుంది. ప్లాస్టిక్ జాంగియా తడిని ఆపుతుంది, దాంతోపాటు గాలినీ ఆపేస్తుంది. ఇది తడిని ఆపి గాలిని పోనిస్తుంది. ఉన్న కిటుకంతా ఇదే.

'మరి మనవాళ్ళకి ఇది ఎందుకు తెలీదు?' అనిపించవచ్చు. మన వైపు గొర్రెకి ఉన్నే లేదు! గుంటూరు, ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో మనకి కనిపించేది నెల్లూరు జాతి గొర్రె. జోడిపి, పల్ల, దొర అని మూడు రకాలు. పొడుగ్గా, మేకలా ఉంటుంది. ఒంటిమీద పొట్టి వెంట్రుకలే తప్ప కత్తిరించడానికి ఉన్ని ఉండదు. ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. పాలమూరు, అనంతపురం వైపు కనిపిస్తుంది. అక్కడి కురుమలు, కురుబలు ఆ ముతక ఉన్నిని వడికి గొంగడి నేస్తారు. చింతగింజల గంజి పట్టించి బిరుసెక్కిస్తారు. వానలో మందల వెంట తిరిగే గొర్రెలకాపరికి గొడుగూ అదే, పరుపూ అదే. ఉన్ని నీళ్ళని ఆపుతుందన్న సంగతి తెలుగునాట తెలియంది కాదు. మన తీరందాకా రాలేదు, అంతే. ఇక్కడ పత్తి ఉంది. పాత పంచెలు, నలిగిన నూలు చీరలు ఉన్నాయి. వాటికన్నా మెత్తటి పొత్తిగుడ్డ ప్రపంచంలో లేదని నేనిప్పటికీ అంటాను.

చలిదేశాల్లో మాత్రం ఈ ఉన్ని తొడుగులు కొత్తేం కాదు. రబ్బరు, ప్లాస్టిక్ జాంగియాలు ఇంటింటికీ రాకముందు అక్కడి అమ్మమ్మలు పిల్లలకి ఇలాంటివే అల్లేవాళ్ళు. 1823లో స్కాట్లాండుకి చెందిన చార్లెస్ మెకింటాష్ బట్టల మధ్య రబ్బరు పూత పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మన ఆస్పత్రుల్లో పక్కమీద వేసే ఎర్ర రబ్బరు షీటుని ఇప్పటికీ 'మెకింటాష్' అంటారు, ఆయన పేరే. 1946లో అమెరికాలో మేరియన్ డోనవన్ అనే ఇల్లాలు, పక్క తడుపుతున్న పిల్లతో విసిగిపోయి, బాత్‌రూమ్ కర్టెన్‌ని కత్తిరించి కుట్టుమిషను మీద ఒక తొడుగు కుట్టింది. పిన్నీసులు గుచ్చుకోకుండా టిచ్ బటన్లు పెట్టింది. 1951లో పేటెంటు వచ్చింది, హక్కులు పది లక్షల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత కాగితంతో వాడిపారేసే డైపరు చేద్దామంటే ఏ కంపెనీ ఆవిడ మాట వినలేదు. పదేళ్ళకి, 1961లో, పాంపర్స్ వచ్చింది. ఇన్ని కోట్ల వ్యాపారం వెనకాల ఉన్నది కూడా ఓ తల్లికి చాలని నిద్రే!

సరే, మన వాడరేవుకి వద్దాం. పిన్ని తెచ్చిన రెండూ మూడు నెలల పిల్లకి సరిపోయేవి. మా పాపాయికి వదులు. కొత్తవి కుట్టాల్సిందే. స్వెట్టరు ఎక్కడిది? చలికాలం రాగానే ఊళ్ళో గుడారం వేసి అమ్మేవాళ్ళ దగ్గర ఒకటి కొన్నాను. మెత్తగా, బొద్దుగా ఉంది. ఉన్ని తొడుగు కుట్టాలంటే ముందు స్వెట్టరుని పాడుచేయాలి. మరుగుతున్నంత వేడినీళ్ళు, సబ్బు పోసి బాగా పిసకాలి. ఉన్ని పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని బట్ట ముడుచుకుని దట్టమవుతుంది. ఇంట్లో పొరపాటున జరిగితే లబోదిబోమంటాం చూడండి, అదే ఇక్కడ కావలసింది. గంటసేపు పిసికాను. చేతులు ఎర్రబడ్డాయిగానీ స్వెట్టరు ఒక్క అంగుళం ముడుచుకుంటే ఒట్టు! పైగా సాగి, మా నాన్నకి పట్టేంత అయింది.

అప్పుడు అగ్గిపుల్ల గుర్తొచ్చింది. ఓ పోగు లాగి వెలిగించాను. కరిగి, నల్లటి గట్టి పూసలా అతుక్కుపోయింది. అంటే అక్రిలిక్. ప్లాస్టిక్‌కి చుట్టం. ఉన్నయితే కాలిన వెంట్రుక వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడిపొడి అవుతుంది. బజార్లో చవగ్గా దొరికే స్వెట్టర్లు చాలావరకు అక్రిలిక్‌వే. చలికి వేసుకోడానికి వాటికేం లోటులేదు. మన పనికి మాత్రం పనికిరావు.

ఇంతలో బాబాయి అన్నాడు: "అమ్మాయ్, మా బీరువాలో ఉన్నయ్యి చూడరాదూ?"

అదిగో, అసలు గని! మీ వీధిలోనూ ఉంటుంది ఈ బీరువా. కూతురి పురిటికో కోడలి పురిటికో అమెరికా వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆర్నెల్ల వీసాకి కొన్న స్వెట్టర్లు, మంచులో నడవడానికి కొన్న మేజోళ్ళు, మోకాళ్ళ దాకా వచ్చే కోటు. ఇక్కడ దిగిన రోజునుంచి వాటికి పనిలేదు. పారేయడానికి మనసొప్పదు. 'మళ్ళీ వెళ్తామేమో' అని దాస్తారు. బాబాయివి మూడు తీశాం. ఒకదాని చీటీ మీద నూరు శాతం ఉన్ని అని ఉంది. ఇంకోటి సగం నైలాను, పక్కన పెట్టేశాం. మూడోది ఉన్నిదేగానీ మిషన్లో ఉతకొచ్చని రాసి ఉంది. ముడుచుకోకుండా ముందే మందు పట్టించిన రకం, అదీ లాభంలేదు. బాబాయి చేత్తోనే మొదటిది నీళ్ళలో వేయించాను. పాపం ఆయన మొహం చూడాలి. వాషింగ్ మిషన్లో వేడినీళ్ళతో రెండుసార్లు తిప్పేసరికి ఆరడుగుల మనిషి స్వెట్టరు ఆరో తరగతి పిల్లాడికి పట్టేంత అయింది.

ఇలా ముడుచుకున్న బట్టతో ఓ సుఖం ఉంది. కత్తిరిస్తే అంచు పోగులు ఊడదు. మడిచి కుట్టనక్కర్లేదు. నమూనా కోసం వెతుక్కోవద్దు, ఇంట్లో ఉన్న డైపరునే విప్పి స్వెట్టరు మీద పరిచి, చుట్టూ ముప్పావు అంగుళం వదిలి సుద్దతో గీసుకోవడమే. స్వెట్టరు కింది అంచు పిల్ల నడుము దగ్గరికి వచ్చేలా పెట్టుకుంటే పట్టీ దానంతటదే వచ్చేస్తుంది. చేతుల చివరి పట్టీలు కత్తిరించి కాళ్ళ దగ్గర అతకాలి. లాగి బిగించి కుట్టారో, తొడల మీద గీతలు పడతాయి. రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. తడి పడేచోట ఇంకో పొర వేయాలి. పక్కలు తెరిచి టిచ్ బటన్లు పెట్టొచ్చు, లేదంటే జాంగియాలా మూసి కుట్టేయొచ్చు. రాత్రిపూట మూసినదే హాయి.

నాకు బొత్తాలు కుట్టడం తప్ప రాదు. మా టైలరు మాస్టారు దగ్గరికి పట్టుకెళ్ళాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్నేళ్ళలో చీరాల్లో ఉన్నితో లంగోటీ కుట్టమని అడిగింది నువ్వేనమ్మా" అన్నాడు. చీరాలని ఒకప్పుడు చిన్న బొంబాయి అనేవాళ్ళు, బట్టల వ్యాపారం అలాంటిది. అక్కడ బట్ట గురించి కొత్త మాట చెప్పడమంటే తిరుపతి వెళ్ళి గుండు గురించి చెప్పినట్టే. ముచ్చటగా కుట్టిచ్చాడు. ఆ రాత్రే వేశాం. రెండింటికి పక్క తడిసింది!

పిన్ని కూతురికి ఫోన్ చేస్తే నవ్వింది. "అక్కా, నూలు దారంతో కుట్టించావా?" అంది. నూలు దారం వత్తిలా పనిచేస్తుందట. లోపలి తడిని కుట్టు వెంబడి పీల్చుకుని బయటికి తెస్తుంది. పాలిస్టర్ దారం వాడాలి. దీపం వత్తి గురించి తెలిసిన మనకి ఇది తట్టకపోవడం చూడండి! రెండో తప్పు ఇంకా పెద్దది. వేడినీళ్ళలో అన్ని తిప్పులు తిప్పాక ఉన్నిలో కొవ్వు మిగులుతుందా? దాన్ని మళ్ళీ పట్టించాలి.

మందుల షాపులో శుద్ధమైన లానోలిన్ దొరికింది. అర చెంచా చాలు. కప్పు వేడినీళ్ళలో వేసి, నాలుగు చుక్కలు పిల్లల షాంపూ కలిపి గిలకొడితే మజ్జిగలా తెల్లబడుతుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో పోసి, తొడుగుని తిరగేసి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పిండకూడదు. తువ్వాల్లో చుట్టి అదిమి, నీడన పరిచి ఆరబెట్టాలి. పూర్తిగా ఆరడానికి మాకు రెండు రోజులు పట్టింది, సముద్రపు గాలిలో తేమ కదా.

ఆరుతున్నదాన్ని అమ్మమ్మ చేతిలోకి తీసుకుంది. వేళ్ళతో నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమంటుందోనని చూస్తున్నాం.

"మా నాయిన చేతులు ఇట్టానే ఉండేయి" అంది.

ఆవిడ పుట్టిల్లు పేరాల. మగ్గాల ఇల్లు. చీరాల, పేరాలల్లో ఒకప్పుడు తేలియా రుమాళ్ళు నేసేవాళ్ళు. ఆముదపు కాయల బూడిద నీళ్ళు, నూనె కలిపి అందులో నూలుని రోజుల తరబడి నానబెట్టడం, పిసకడం, ఆరబెట్టడం, మళ్ళీ నానబెట్టడం. అలా చేస్తేనే ఎరుపు రంగు పట్టి నిలుస్తుంది. బట్ట మెత్తగా ఉంటుంది, నూనె వాసన మాత్రం వదలదు. ఆ వాసన వల్లే దానికి ఆ పేరు. అరబ్బు దేశాలకీ, ఆఫ్రికాకీ ఓడలెక్కి వెళ్ళిన రుమాళ్ళవి. 2020లో తేలియా రుమాలుకి జీఐ గుర్తింపు వచ్చింది. అప్పటికి ఆ నేత తెలంగాణలోని పుట్టపాకలో మిగిలింది. నూనె పట్టిన బట్ట గురించి ఆవిడకి మనం చెప్పడమేంటి! ఆ పొద్దుటినుంచి మా ఇంట్లో ఉన్ని తొడుగుకి విరోధి లేదు.

ఇక ఫలితం సంగతి. ఉన్నదున్నట్టు చెబుతాను. పిల్ల తెల్లారేదాకా నిద్రపోయిందా అంటే, లేదు. లోపలిది గుడ్డే కాబట్టి తడిస్తే లేచింది. రెండింటికి ఒకసారి, అయిదింటికి ఒకసారి. కానీ బొంత పొడిగా ఉంది. రబ్బరు షీటు తీసి అటకమీద పెట్టేశాం. లోపలి గుడ్డ తీసి ఇంకోటి పెట్టి అదే తొడుగు మళ్ళీ వేయడానికి అయిదు నిమిషాలు. చెల్లి లైటు వేయకుండానే చేసేస్తోంది. అసలు లాభం అది కాదు. దాని వెనకే లేచే మనిషి లేవడం మానేసింది. రెండున్నర నెలల తర్వాత మా అమ్మ మొదటిసారి రాత్రి పదింటికి పడుకుని పొద్దున అయిదున్నరకి లేచింది. లేచి, "పిల్లకేమయిందే, ఏడవలేదూ?" అని కంగారుపడింది.

ఉతుకు కూడా తగ్గింది. రోజుకి అయిదారు బొంతల బదులు ఒకటి. తొడుగుని ప్రతిసారీ ఉతకక్కర్లేదు. ఒట్టి మూత్రమే అయితే గాలికి ఆరేస్తే చాలు, ఆరాక వాసన ఉండదు. ఆరినా వాసన వస్తోందంటే ఉతికే రోజొచ్చిందన్నమాట. మాకు రెండు మూడు వారాలకోసారి సరిపోయింది. మలం అంటితే మాత్రం అప్పటికప్పుడు చన్నీళ్ళతో, మెత్తటి సబ్బుతో కడిగేయాలి. ఉతికాక ఎప్పుడైనా నీళ్ళు ఇంకిపోతున్నాయనిపిస్తే మళ్ళీ లానోలిన్ స్నానం. మార్చి మార్చి వాడటానికి మూడు ఉంటే నిశ్చింత.

అందరికీ ఇదే చెయ్యమని చెప్పను. మార్గశిరం, పుష్యం, మహా అయితే మాఘం. మన తీరంలో ఇది ఆ మూడు నెలల ముచ్చటే. శివరాత్రికి చలి వెళ్ళగానే మేం తీసేశాం. ఉక్కలో ఉన్ని తొడిగితే చెమటకాయలు తప్పవు. ఎండాకాలం పిల్లకి పాత పంచె ముక్కో, అసలేమీ లేకపోవడమో, రెండూ మంచివే. కొందరు పిల్లలకి ఉన్ని తగిలితే దురద వస్తుంది. అరుదుగా లానోలిన్ కూడా పడదు. మొదట పగలు ఓ గంట వేసి చూడండి. కందినచోట చిన్నచిన్న ఎర్ర పొక్కులు చుట్టూ పాకుతున్నా, రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా ఇంటి వైద్యాలు కట్టిపెట్టి పిల్లల డాక్టరుకి చూపించాలి. అది ఫంగస్ కావచ్చు.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఉన్ని అనగానే పురుగు పడుతుందని కలరా ఉండలు వేస్తాం. పసిపిల్లల బట్టల్లో వద్దు. అవి నాఫ్తలీన్‌తో చేసినవి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకి ఆ వాసన పట్టిన బట్టలు కట్టినా ఎర్రరక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందు తెలీదు కూడా. బాగా ఆరబెట్టి, ఎండిన వేపాకు పొట్లం పెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో దాస్తే సరి.

డైపర్లు మానేశామా? లేదు. టీకాలకి చీరాల వెళ్ళినా, బస్సెక్కినా డైపరే. రోజుకి అయిదు కాస్తా ఒకటైంది. వాడినదాన్ని ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు వాడిన డైపర్లని శానిటరీ చెత్తగా లెక్కగట్టి, విడిగా చుట్టి ఇవ్వమన్నాయి. మా వీధి చివర ఇసుకలో కుక్కలు లాగి పడేసిన వాటిని చూస్తే ఆ నియమం ఇంకా తీరందాకా రాలేదనిపిస్తుంది. దాని గురించి మరో ఆదివారం.

చెల్లి మొగుడు సంక్రాంతికి వచ్చాడు. తొడుగు ఎలా కడగాలో, ఎలా పిండకూడదో అమ్మమ్మే దగ్గర కూర్చుని నేర్పింది. అల్లుడి చేత పిల్ల గుడ్డలు కడిగించడం ఆ ఇంట్లో అదే మొదలు. "నీడన ఎయ్యి నాయనా, ఎండలో వద్దు" అంటూ దండెం దాకా వెంటపడి మరీ చెప్పింది.

నేను బయల్దేరే రోజు పొద్దున బాబాయి స్వెట్టరులో మిగిలిన ముక్కలు సంచీలో సర్దుతుంటే అమ్మమ్మ పిలిచింది. పట్టీ కోసేసిన ఒక చెయ్యి మిగిలి ఉంది. దాన్ని తీసుకుని, చీర కాస్త పైకి జరిపి, మోకాలికి తొడుక్కుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"రెండోది కూడా ఉందా?" అంది.